మండుటెండలో యాపిల్

2020 ఏప్రిల్. దేశమంతా లాక్‌డౌన్. రోడ్ల మీద మనిషి జాడ లేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కెరమెరి మండలం, ధనోరా. పన్నెండు దాటితే నేల మీద కాలు పెట్టలేం. చుట్టూ అడవిలోంచి ఇప్పపూల ఘాటు. గాలి లేస్తే సెగ ముఖాన కొడుతుంది. ఆ సెగలో రైతు కేంద్రే బాలాజీ తోట కొమ్మలు కిందికి వంగి ఉన్నాయి. వాటికి వేలాడుతున్నవి మామిడికాయలు కావు.

యాపిల్ కాయలు. కశ్మీరు లోయలో, సిమ్లా కొండల్లో కాయాల్సినవి. ఇంకా పచ్చివే. రంగు తిరగాలంటే నడివేసవి దాటాలి. ఒక్క గాలిదుమారం వస్తే చాలు, సగం నేలపాలు. కానీ వాటికి అంతకంటే పెద్ద గండం నాలుగు నెలల కిందటే, డిసెంబరు రాత్రుల్లోనే వచ్చింది.

యాపిల్, ఆప్రికాట్, పీచ్... ఇవన్నీ శీతాకాలం రాగానే ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్రలో మొగ్గకి చలి కావాలి. మామూలు యాపిల్ రకాలైతే ఏడు డిగ్రీల లోపు చలిలో వెయ్యి గంటల దాకా గడపాలి. ఆ లెక్క నిండలేదా, ఎండాకాలం వచ్చినా మొగ్గ సరిగ్గా విచ్చుకోదు.

జగ్గయ్యపేట, నందిగామ మెరక మామిడి తోటల వాళ్లకి ఈ దిగులు తెలిసిందే. మామిడి ఆకు రాల్చదు. అయినా మార్గశిరం, పుష్యం రాత్రులు చల్లబడితేనే పూత తన్నుకొస్తుంది. చలి చాలని ఏడు పూతకి బదులు చిగురేస్తుంది. కొమ్మ చివర్న ఎర్రెర్రగా లేతాకులు. చూడ్డానికి ఎంత బావుంటాయో! రైతు గుండె మాత్రం గుభేలుమంటుంది. ఏడాది పంట అక్కడే పోయింది.

చలి ప్రాంతాల్లో గోల వేరు. లద్దాఖ్‌లో చలికి కొదవేముంది? అక్కడి ఆప్రికాట్‌కి తొందరెక్కువ. నాలుగు రోజులు ఎండ తగిలితే చాలు, ఆకు కంటే ముందే పూలు విరబూస్తాయి. సరిగ్గా అప్పుడే ఓ రాత్రి మబ్బు తొలగి, గాలి ఆగి, కొండల మీది చల్లగాలి మెల్లగా పల్లంలోకి జారి మడుగు కట్టి, పాదరసం సున్నాకి మూడు నాలుగు డిగ్రీలు కిందికి దిగిపోతే, తెల్లారాక తోటలోకి వెళ్లిన రైతుకి కొమ్మ నిండా పూలే కనిపిస్తాయి. రెక్కలు తాజాగానే ఉంటాయి. ఒక్క పువ్వు తీసి గోటితో చీల్చాలి. నడిమధ్య పచ్చగా ఉండాల్సిన చోట నల్లగా ఉంటే, ఇక ఆ పువ్వు కాయ కాదు. అందుకే చలి నిలిచే పల్లం వదిలేసి వాలులో నాటుతారు. ఉత్తరపు వాలైతే ఇంకా మేలు. అక్కడ ఎండ ఆలస్యం, పూతా ఆలస్యం.

ధనోరాలో చలికాలం గట్టిదే. తెలంగాణలో బాగా చలిపెట్టే చోట్లలో ఆ కొండప్రాంతం ఒకటి. కానీ వెయ్యి గంటలా? అక్కడెక్కడి మాట!

మరి పూత ఎలా వచ్చింది?

దానికి జవాబు హిమాచల్‌లో ఓ పెరట్లో ఉంది. బిలాస్‌పూర్ జిల్లా పనియాలా. సముద్ర మట్టానికి 1,800 అడుగులు. యాపిల్ పండే ఎత్తు కాదది. 1998లో హరిమన్ శర్మ అనే రైతు ఇంట్లో తినడానికి యాపిళ్లు కొన్నాడు. గింజలు పెరట్లో పారేశాడు. మర్నాడు మర్చిపోయే సంగతే. 1999లో అక్కడ ఓ మొలక కనిపించింది. పీకి పారేయలేదు. 2001లో కాయ కాసింది. ఆ చెట్టు కొమ్మలతో అంట్లు కట్టాడు. ఆ రకం పేరు హెచ్‌ఆర్‌ఎంఎన్-99. కొద్దిపాటి చలితో సరిపెట్టుకుంటుంది. వేసవి నలభై దాటినా తట్టుకుంటుంది. 2025లో హరిమన్ శర్మకి పద్మశ్రీ వచ్చింది.

ఆ రకం మొక్కే ధనోరా చేరింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఉద్యానశాఖ వాళ్లు బాలాజీకి తోడు నిలిచారు. మొక్క బతికింది. పూసింది. పిందె నిలిచింది. ఇప్పుడు ముందున్నది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ.

కాయ ఆగింది. పసుపు మీద ఎర్రటి చారలు తేలాయి.

2020 జూన్ 2. రాష్ట్ర అవతరణ దినం. హైదరాబాద్ ప్రగతి భవన్. కశ్మీరు తోటల్లో కాయ ఇంకా పచ్చిగానే ఉంది, అక్కడ ప్రధాన కోతలకి ఆగస్టు రావాలి. బజార్లో ఉన్నది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు. బాలాజీ తెచ్చిన బుట్టలో మాత్రం చెట్టు మీద పండిన తాజా యాపిళ్లు. ముఖ్యమంత్రి కేసీఆర్ చేతికి అందించాడు. తెలంగాణ నేల మీద కాసిన తొలి యాపిల్ పంట అది.