గామా నైఫ్

గామా నైఫ్ అనేది మెదడులోని కణితులకు, మరికొన్ని మెదడు జబ్బులకు పుర్రె తెరవకుండా చికిత్స చేసే రేడియేషన్ యంత్రం. పేరులో ఉన్న కత్తి యంత్రంలో లేదు. కోత, కుట్లు ఉండవు. ఈ విధానాన్ని స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ అంటారు.

స్వీడన్‌కు చెందిన న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. అప్పటికే ఆయన తలకు బిగించే ఒక లోహపు చట్రాన్ని తయారుచేశాడు. దాని కొలతలను బట్టి మెదడులోని ఏ బిందువునైనా మూడు సంఖ్యలతో గుర్తించవచ్చు. ఆ బిందువుకు సూదిని పంపగలిగినప్పుడు కిరణాన్ని మాత్రం ఎందుకు పంపలేమన్నది ఆయన తర్కం. మొదట ఎక్స్‌రేలతో, తర్వాత భౌతిక శాస్త్రవేత్త బోర్యె లార్షన్‌తో కలిసి ఉప్సాలాలో ప్రోటాన్లతో ప్రయత్నించాడు. ప్రోటాన్లకు కావలసిన సైక్లోట్రాన్ ఆసుపత్రి గదిలో ఇమిడేది కాదు. చివరికి గామా కిరణాలు వెలువరించే కోబాల్ట్-60 కుదిరింది. 179 కోబాల్ట్ మూలాలతో తొలి యంత్రం 1968లో స్టాక్‌హోమ్‌లో పనిలోకి వచ్చింది. చిత్రమేమంటే, మొదట లెక్సెల్ మనసులో ఉన్నవి కణితులు కావు; తీరని నొప్పులు, వణుకుల వంటి బాధలు. సీటీ, ఎమ్మారై వచ్చి కణితి అంచులు స్పష్టంగా కనిపించడం మొదలయ్యాకే ఈ యంత్రం దశ తిరిగింది.

కిటుకంతా కిరణాల కూడలిలో ఉంది. యంత్రంలో సుమారు 200 సన్నని గామా కిరణాలు తల చుట్టూ వేర్వేరు దిక్కుల నుంచి బయలుదేరి ఒకేచోట కలుస్తాయి. విడిగా ఒక్కో కిరణం బలహీనమే, దారిలోని కణజాలానికి దానివల్ల పెద్దగా హాని ఉండదు. అన్నీ కలిసినచోట మాత్రం మోతాదు తీవ్రం. మామూలు రేడియేషన్‌లో రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) చొప్పున వారాల తరబడి ఇస్తారు. వినికిడి నరం మీద పెరిగే ష్వానోమా కణితికి ఇక్కడ ఒకే పూటలో 12, 13 గ్రేలు ఇచ్చేస్తారు. అంత మోతాదు చూపు నరం మీద పడితే చూపు పోవచ్చు. అందుకే గురి తప్పడానికి వీల్లేదు.

చికిత్స నాడు రోగి నుదుటి మీద, తల వెనుక మత్తు సూదులిచ్చి చట్రాన్ని నాలుగు మరలతో పుర్రెకు బిగిస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. స్కాన్, లెక్కలు అయ్యాక యంత్రంలో పడుకోబెడతారు. కొత్త నమూనాల్లో చట్రానికి బదులు మాస్కు కూడా వాడవచ్చు. ఎంతసేపు పడుతుందన్నది కోబాల్ట్ వయసు మీద కూడా ఆధారపడుతుంది: దాని అర్ధాయుష్షు 5.27 ఏళ్లు కాబట్టి, కోబాల్ట్ కొత్తలో అరగంట పట్టిన మోతాదుకు ఐదేళ్లు దాటాక గంట కావాలి.

ఫలితం ఆ రోజే కనబడదు. దెబ్బతిన్న కణాలు విభజన శక్తిని కోల్పోతాయి. కణితి నెలల మీద కుంచించుకుపోతుంది, లేదా పెరగడం మానేస్తుంది. మెదడులో చిక్కుపడ్డ రక్తనాళాలకు ఈ చికిత్స చేస్తే అవి మూసుకోవడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. ఈలోగా వాపు, అరుదుగా చుట్టూ ఉన్న కణజాలం చచ్చిపోవడం వంటి ఇబ్బందులు రావచ్చు. 3 సెంటీమీటర్లు దాటిన కణితులకు ఒకే పూట చికిత్స సాధారణంగా తగదు. పరీక్షకు ముక్క దొరకకపోవడం మరో లోటు.

చట్రంతో తలను కదలకుండా పట్టవచ్చు గానీ ఊపిరితిత్తిని పట్టలేం; అందుకే గామా నైఫ్ తలకే పరిమితం. లెక్సెల్ దగ్గర శిక్షణ పొందిన అమెరికన్ న్యూరోసర్జన్ జాన్ ఆడ్లర్ చట్రాన్నే వదిలేసి, రేడియేషన్ యంత్రాన్ని రోబో చేతికి అమర్చాడు. సైబర్‌నైఫ్ అనే ఈ యంత్రంతో 1994లో స్టాన్‌ఫర్డ్‌లో తొలి రోగికి చికిత్స జరిగింది. మధ్యమధ్యలో ఎక్స్‌రేలు తీసి కణితి ఎటు జరిగిందో చూసుకుంటూ గురి సరిచేసుకుంటుంది. తర్వాతి నమూనాలు ఊపిరితో పాటు కదిలే కణితి వెంటే కదలడం నేర్చుకున్నాయి.