లండన్ నుండి పారిస్‌కు ఎంతసేపు?

పటముమీద కొలిచి చూచినచో లండన్, పారిస్ నగరముల నడుమ దూరము సుమారు 213 మైళ్ళు, అనగా 340 కిలోమీటర్లకు కొంచెము పైన. నూరేండ్లలో ఈ దూరము అంగుళమైనను తగ్గలేదు. తగ్గినది కాలము. అయితే విమానము గాలిలో గడపు కాలము వేరు, ప్రయాణికుడు ఈ ఊరి నడిబొడ్డునుండి ఆ ఊరి నడిబొడ్డు చేరుటకు పట్టు కాలము వేరు. ఈ రెంటిని కలిపివేయవలదని శ్రోతలకు ముందుగా మనవి చేయుచున్నాము.

1919 ఆగస్టు 25వ తేదీ ఉదయమున లండన్ శివార్లలోని హౌన్‌స్లో మైదానమునుండి ఒక చిన్న విమానము పారిస్ చెంతనున్న లె బూర్జేకు బయలుదేరెను. దేశమునుండి దేశమునకు నిత్యము నడచు విమాన సర్వీసులకు అదియే ఆరంభమని చెప్పుదురు. యుద్ధమున బాంబులు మోయుటకై కట్టిన డి హావిలాండ్ విమానమునకే చిన్న గది యొకటి అమర్చిరి. నడపినవాడు లాఫర్డ్. ఎక్కిన ప్రయాణికుడు ఒక్కడే, పత్రికా విలేఖరి. ఆయనకు తోడు వార్తాపత్రికలు, తోళ్ళు, వేటపక్షులు, డెవన్‌షైర్ మీగడ! మీగడకు తొందర యుండుట సహజమే. చార్జీ 20 గినీలు. ప్రయాణమునకు రెండున్నర గంటలు పట్టెను.

ఆనాటి వైమానికులకు దారిచూపునవి క్రింద కనబడు రోడ్లును, రైలు పట్టాలును. పోవువారికిని వచ్చువారికిని ఒకటే గుర్తు. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ ప్రాంతమున, పొగమంచులో, లండన్‌నుండి పోవుచున్న విమానమును పారిస్‌నుండి వచ్చుచున్న విమానమును ఎదురెదురుగా ఢీకొనెను. రెండింటిలోని ఏడుగురును మరణించిరి. ఎదురుపడిన విమానములు కుడివైపునకు తొలగవలెనను నియమము ఆ పిమ్మట కట్టుదిట్టమయ్యెను.

1950 జూలై 29న వైకౌంట్ అను టర్బైన్ విమానము లండన్ పడమటనున్న నార్తోల్ట్‌నుండి లె బూర్జేకు 57 నిమిషములలో చేరెను. నేటి జెట్ విమానములు అంతకంటె వేగము గలవి. అయినను కాలపట్టికలలో గంటంబావు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ కనబడును. ఇందేమియు విడ్డూరము లేదు. గాలిలో నుండునది ముప్పావు గంటకు అటునిటు. మిగిలినది నేలమీద ప్రాకుటకును, వంతుకై నిలుచుటకును. విమానాశ్రయము చేరుటకును, తనిఖీలకును పట్టు గంటలు పట్టికకు ఎక్కనే ఎక్కవు.

బ్లేరియో 1909లో ఇంగ్లీషు ఛానలు దాటి యేబదియేండ్లయిన సందర్భమున, 1959 జూలైలో డెయిలీ మెయిల్ పత్రిక ఒక చిత్రమైన పందెము పెట్టెను. విమానాశ్రయముల మధ్య గాదు. లండన్‌లోని మార్బుల్ ఆర్చి మొదలు పారిస్‌లోని విజయతోరణము వరకు. బ్రిటిష్ వైమానిక దళమునకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ మాన్, మోటారు సైకిలు, హెలికాప్టరు, జెట్ యుద్ధవిమానము ఒకదానివెంట నొకటి మారుచు, 40 నిమిషముల 44 సెకండ్లలో గెలిచెను. దీనిని ప్రయాణమనుటకంటె గారడి యనుటయే న్యాయమని మా యభిప్రాయము. టిక్కెట్టు కొన్నవానికి అట్టి యోగమెక్కడిది?

1994లో సముద్రము క్రింది సొరంగము తెరచిరి. 2007లో ఇంగ్లండున వేగపు రైలుమార్గము పూర్తియైనది మొదలు, లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషనులో ఎక్కినవారు పారిస్ గార్ దు నార్‌లో రెండుంబావు గంటలకు దిగగలుగుచున్నారు. ఆ రైలు నడచు దారి 492 కిలోమీటర్లు. ఆకాశపు గీతకంటె సుమారు 150 కిలోమీటర్లు ఎక్కువ.