కుంజ్రూ కోరిన కేడెట్

ప్రెసిడెన్సీ కాలేజీ బయటికి పంపేసిన రోజుల్లో సుభాష్ చంద్రబోస్ సైన్యంలో చేరదామని 49వ బెంగాలీ రెజిమెంటును ఆశ్రయించాడు. కంటిచూపు చాలదన్నారు. 1917లో స్కాటిష్ చర్చి కాలేజీలో చేరాక ఇంకో దారి దొరికింది. మొదటి ప్రపంచయుద్ధానికి మనుషులు చాలక బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఏడాదే చట్టం చేసి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి దళాలు పెట్టింది. అక్కడ కళ్ల పరీక్ష అంత కఠినం కాదు. కలకత్తా ఫోర్ట్ విలియం దగ్గర గుడారాల్లో మకాం, తెల్ల అధికారి చేతికింద డ్రిల్లు. మామూలుగా భారతీయుణ్ని గుమ్మం తొక్కనివ్వని ఆ కోటలోకి తుపాకులు తెచ్చుకోవడానికి హక్కుగా నడిచి వెళ్లడం తనకెంత తృప్తినిచ్చిందో బోస్ ఆత్మకథలో రాసుకున్నాడు. 1928 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ మహాసభకు వలంటీర్లందరికీ యూనిఫాం తొడిగి, తానే జి.ఓ.సి.గా (జనరల్ ఆఫీసర్ కమాండింగ్) ముందు నడిచాడు. గాంధీజీకి ఆ హంగు రుచించలేదు. అది వేరే కథ.

పాలకుల అవసరం ఒకటి, కుర్రాళ్ల ఆశ మరొకటి. ఈ తేడా మన కేడెట్ల చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

ఆ విద్యార్థి దళాలు 1920లో యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942లో, యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ అని పేరు మార్చారు. పేరులో ఆఫీసర్లు చేరారు గానీ కాలేజీల్లో ఆ కోర్ వేళ్లూనింది మాత్రం అంతంత మాత్రమే.

1946లో ఈ వ్యవహారాన్ని మొదటినుంచీ ఆలోచించమని ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు పండిత్ హృదయనాథ్ కుంజ్రూ. ఆయన సైనికుడు కాడు. గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ మనిషి, ఉదారవాది. 1947 మార్చిలో నివేదిక ఇచ్చారు. అప్పుడు రూపుదిద్దుకున్న ఆశయాల్లో శీలం, స్నేహభావం, సేవ, నాయకత్వ లక్షణం ముందు వరసలో ఉన్నాయి. అత్యవసర సమయంలో సైన్యాన్ని పెంచాల్సి వస్తే అక్కరకొచ్చే అధికారుల నిల్వ ఆ తర్వాత వచ్చింది. ఈ వరస యాదృచ్ఛికం అనిపించదు. కాశ్మీర్‌లో యుద్ధం సాగుతుండగానే చట్టం 1948 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది, జూలై 15న నేషనల్ కేడెట్ కోర్ (ఎన్.సి.సి.) పుట్టింది. మొదటి డైరెక్టరు కల్నల్ గోపాల్ గురునాథ్ బేవూర్. 1973లో మానెక్‌షా తర్వాత సైన్యాధిపతి అయింది ఈయనే. కోర్ పుట్టిన మరుసటేడే అమ్మాయిల విభాగం మొదలైంది, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకా విభాగం వచ్చాయి.

ఇంతకీ పదిహేడేళ్ల పిల్లలకు నేర్పే సైనిక విద్య ఏపాటిది? మొదట నిలబడటం. సావధాన్‌లో మడమలు కలిపి, పాదాల మధ్య 30 డిగ్రీల కోణం. తర్వాత నడక: అడుగుకు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. ఆజ్ఞలన్నీ హిందీలోనే. ప్రతి ఆజ్ఞకూ రెండు ముక్కలుంటాయి. ‘దాహినే’ అని సాగదీసి హెచ్చరించి, క్షణం ఆగి, ‘ముడ్’ అని తెగ్గొట్టాలి. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. ఒక అడుగు ముందో వెనకో అరిస్తే ముప్పై మంది ముప్పై రకాలుగా తిరుగుతారు, తప్పు ఎవరిదో మైదానమంతా చూస్తుంది. వరసలో నడిచే కుర్రాణ్ని ఓ రోజు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ బయటికి పిలిచి, స్క్వాడ్‌ను నువ్వు నడిపించు అంటాడు. అప్పటిదాకా గొంతు పెగలని పిల్లవాడికి నాయకత్వంలో మొదటి పాఠం ఇదే.

తర్వాత మ్యాపు. ఉత్తరం ఒకటి కాదు మూడని తెలియడం చాలామందికి మొదటి ఆశ్చర్యం: అసలు ఉత్తరం, దిక్సూచి చూపే ఉత్తరం, మ్యాపు గీతల ఉత్తరం. దూరాన్ని కంటితో అంచనా కట్టడానికి వంద గజాల నేలను మనసులో కొలబద్దగా పెట్టుకుని, అలాంటివి ఎన్ని పడతాయో లెక్కేస్తారు. ఇక అందరూ ఎదురుచూసే .22 రైఫిల్. బోర్లా పడుకుని కాల్చిన గుళ్లు నల్లచుక్కకు తగిలాయా అన్నది తర్వాతి మాట. అన్నీ ఒకచోట గుంపుగా పడ్డాయా అని ముందు చూస్తారు. ఒకే తప్పు స్థిరంగా చేసేవాణ్ని దిద్దడం తేలిక కదా.

ఇదంతా సజావుగా సాగుతుండగా 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆ ఓటమి వేడిలో, 1963లో, కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. ఆ ఆవేశం అర్థం చేసుకోదగ్గదే, కానీ దేశంలోని కాలేజీ కుర్రాళ్లంతా ఒక్కసారిగా మైదానంలోకి వస్తే ఉస్తాద్‌లు ఎక్కణ్నుంచి వస్తారు? బూట్లో? రైఫిళ్లో? నిన్నటిదాకా ఇష్టంగా వచ్చినవాడి పక్కన ఈరోజు హాజరు కోసం వచ్చినవాడు నిలబడ్డాడు. శిక్షణ భారం మోసే అధికారుల్లో చాలామంది కాలేజీ లెక్చరర్లే. మగవాళ్లు కాంప్టీలో, ఆడవాళ్లు గ్వాలియర్‌లో తర్ఫీదు పొంది భుజాన నక్షత్రాలతో తిరిగొచ్చేవారు. ప్రొద్దున పరేడ్, పది గంటలకు క్లాసు.

ఆ ఏళ్లను వృథా అనడం మాత్రం అన్యాయం. 1965లోనూ 1971లోనూ కేడెట్లు ఆయుధ కర్మాగారాల్లో సాయపడ్డారు, మందుగుండు సరఫరాలో చేయందించారు, పారాచూట్లతో దిగే శత్రు సైనికుల కోసం గస్తీ తిరిగారు. 1968లో నిర్బంధం ఎత్తేశారు. మరుసటేడు, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం ప్రారంభించారు. తుపాకీ పట్టడం ఇష్టంలేని పిల్లలకు గ్రామసేవ దారి తెరుచుకుంది. కుంజ్రూ జాబితాలోని ‘సేవ’కు ఇలా వేరే ఇల్లు ఏర్పడింది.

ఎన్.సి.సి. నినాదం కుదరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఏకత, అనుశాసనం అన్న జంటను ఖరారు చేసింది 1980లో. అప్పటికి కోర్‌కు ముప్పై రెండేళ్లు. ఆశయాలనూ తర్వాత తిరగరాశారు. ఇప్పుడు వాటిలో అధికారుల నిల్వ అన్న మాట లేదు. యువత సైన్యాన్ని వృత్తిగా ఎంచుకునేలా వాతావరణం కల్పించడం అని ఉంది. అందుకు దారీ ఉంది: ఎన్.సి.సి. ‘సి’ సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లి, నెగ్గితే చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో అడుగుపెట్టొచ్చు. అయితే కేడెట్లలో ఎక్కువమంది ఆ దారి పట్టరు. టీచర్లు, పోలీసులు, బ్యాంకు ఉద్యోగులు అవుతారు. కుంజ్రూ వరస చూస్తే ఆయనకు ఇందులో అభ్యంతరం ఉండేది కాదేమో.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేరుపడినా వాటి కేడెట్లు ఇప్పటికీ సికింద్రాబాద్‌లోని ఒకే డైరెక్టరేట్ కిందే ఉన్నారు. 2020లో కేంద్రం సరిహద్దు, తీరప్రాంతాల్లోని 173 జిల్లాలకు కోర్‌ను విస్తరించి కొత్తగా లక్షమందిని చేర్చుకుంటామని, వారిలో మూడోవంతు అమ్మాయిలుంటారని ప్రకటించింది. తీరప్రాంత పిల్లలకు శిక్షణ నౌకాదళం ఇస్తుంది. పొడవైన తీరమున్న ఆంధ్రకు ఇది సంబంధించిన విషయమే. ఈసారి నిర్బంధం ఊసు లేదు, ఇష్టమున్నవాళ్లే చేరతారు.