మైక్ నుంచి స్పీకర్ దాకా: మిక్సర్‌లో సిగ్నల్ నడిచే దారి

షాదీఖానాలో నికాహ్ జరుగుతుంటుంది. మగవాళ్ల హాల్లో మాట ఖంగుమంటుంది, ఆడవాళ్ల హాల్లో మాత్రం స్పీకర్ మూగబోతుంది. ఇలాంటప్పుడు చాలాసార్లు స్పీకర్ బాగానే ఉంటుంది. మిక్సర్‌లో సిగ్నల్ అటు వెళ్లి ఉండదు, అంతే.

మిక్సర్ మీద ఎన్ని బటన్లున్నా కంగారు అక్కర్లేదు. నిలువుగా ఉన్న ఒక్క వరుస, అంటే ఒక ఛానల్ అర్థమైతే చాలు. పక్కవన్నీ దాదాపు దాని నకళ్లే.

మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని పెంచేది అన్నిటికన్నా పైనుండే గెయిన్. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. గెయిన్ మరీ తక్కువ పెట్టి కింద ఫేడర్ పెంచితే బుస్సుమనే చప్పుడు కూడా పెరుగుతుంది. ఎక్కువ పెడితే పీక్ లైటు ఎర్రగా వెలిగి మాట పగులుతుంది. అలా పగిలిన మాట ఫేడర్ తగ్గించినా బాగుపడదు, చిన్నగా వినిపిస్తుందంతే. కండెన్సర్ మైక్ అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా వేయాలి.

గెయిన్ దాటాక లోకట్, ఈక్యూ వస్తాయి. ప్రసంగానికి లోకట్ వేసి ఉంచడమే మేలు, గాలి చప్పుడు, స్టాండు తగిలిన చప్పుడు తగ్గుతాయి.

ఆ తర్వాత దారి చీలుతుంది. ఒకటి ఫేడర్ గుండా మెయిన్‌కు, అక్కడినుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్తుంది. రెండోది ఆక్స్. రెండో హాలుకు, స్టేజీ మానిటర్‌కు, రికార్డింగుకు సిగ్నల్‌ను సాధారణంగా ఇక్కడినుంచే తీస్తారు. ఆక్స్ ప్రీలో ఉంటే ఫేడర్‌తో సంబంధం ఉండదు. పోస్ట్‌లో ఉంటే ఫేడర్ తగ్గించగానే అదీ తగ్గిపోతుంది. ఆపరేటర్ ఈ హాల్లో కూత ఆపాలని ఫేడర్ కిందికి లాగితే, ఆ హాల్లో ఖుత్బా వినిపించకుండా పోయేది ఇందుకే. ఆక్స్ నాబ్ ఎప్పుడూ ఫేడర్‌కు పైనే ఉంటుంది కాబట్టి చూసి చెప్పలేం, ప్రీ బటన్ వెతకాలి. మ్యూట్ సంగతి వేరు, చాలా మిక్సర్లలో అది నొక్కితే ఆక్స్ కూడా ఆగుతుంది.

రెండో హాల్లో శబ్దం రాకపోతే వరుసగా చూడాలి: ఛానల్లో లైటు కదులుతోందా, మ్యూట్ పడిందా, ఛానల్ ఆక్స్ తెరిచి ఉందా, మాస్టర్ ఆక్స్ తెరిచి ఉందా, చివరికి వైరు. చాలామంది వైరుతో మొదలుపెట్టి హాలంతా తిరుగుతారు. ఈ లోపు ఖుబూల్ హై కూడా అయిపోతుంది.