మునిగినా బతికే వరి: స్వర్ణ తీర్చాల్సిన బాకీ

వరి నీళ్ళలో పెరిగే పంటే కదా, మరి వరదొస్తే ఎందుకు చచ్చిపోతుంది? పొలం గట్టెక్కని మన ఐటీ జనాల్లో చాలామందికి ఈ సందేహం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కాళ్ళు తడిస్తే వరికి పండగే, తల మునిగితేనే చావు. మామూలు వరి పూర్తిగా మునిగి వారం దాటిందంటే కష్టం. రెండు వారాలైతే ఇక ఆశ వదులుకోవాల్సిందే. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో ఇలా ముంపు బారిన పడే వరి భూములు కోటిన్నర హెక్టార్లకు పైనేనని శాస్త్రవేత్తల లెక్క.

ఈ చావుని రెండు వారాలపాటు ఆపగలిగే జన్యువు ఒకటుంది. పేరు సబ్‌1ఎ. దీని గురించి వెతికితే అమెరికా యూనివర్సిటీల పేర్లు, "నేచర్" పత్రిక పేరు ముందు కనిపిస్తాయి. తప్పేం లేదు, వాళ్ళు చేసింది చిన్న పని కాదు. కానీ కథ అక్కడ మొదలవలేదు. సగం ఒడిశాలో, సగం మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో మొదలైంది.

ముందు మార్టేరు సంగతి. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925 నుంచీ ఉంది. వశిష్ట, మసూరి రకాల్ని సంకరం చేసి ఆ కేంద్రం వాళ్ళు తయారుచేసిన ఎంటీయూ 7029 అనే వంగడం 1982లో విడుదలైంది. ఎంటీయూ అంటే మార్టేరే. జనం నోట్లో దాని పేరు స్వర్ణ. ఎరువు మరీ ఎక్కువ అడగదు, దిగుబడి బాగుంటుంది. అంతకంటే రైతుకేం కావాలి? మన జిల్లాల నుంచి ఒడిశాకి, బెంగాల్‌కి, బంగ్లాదేశ్‌కి పాకిపోయింది. తూర్పు భారతంలో లక్షల ఎకరాల్లో ఇదే పంట.

దీనికి ఒక్కటే లోపం. పొట్టి రకం కాబట్టి వరదొస్తే ముందు మునిగేది ఇదే. ఒడిశా, బెంగాల్ పల్లపు పొలాల్లో స్వర్ణ వేసిన రైతు ఏటా వానాకాలంలో జూదం ఆడుతున్నట్టే లెక్క.

ఇప్పుడు ఒడిశా సంగతి. అక్కడి పల్లపు ప్రాంతాల్లో ధళాపుటియా అనే నాటు రకం ఉండేది. వరదలో మునిగి తేలినా మళ్ళీ చిగురించేది. ఎప్పుడో ఏ రైతో, బహుశా ఎన్నో తరాల రైతులో, నీళ్ళు తీశాక బతికి బట్టకట్టిన దుబ్బుల విత్తనాన్నే దాచుకుంటూ వచ్చి ఉంటారు. ఆ నాటు రకంలోంచి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏరి స్థిరపరిచిన రకమే ఎఫ్ఆర్ 13ఎ. ఎఫ్ఆర్ అంటే వరదని తట్టుకునేది అని. ఇదంతా 1950ల నాటికే అయిపోయింది. 1970ల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అదే ఇర్రి, తన దగ్గరున్న రకాల్ని నీళ్ళలో ముంచి పరీక్షిస్తే ముందు వరసలో నిలబడింది కూడా ఈ ఎఫ్ఆర్ 13ఎనే.

అంటే మందు చేతిలోనే ఉంది, రోగీ ఎదురుగానే ఉన్నాడు. మరి ఇద్దర్నీ కలపడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టినట్టు?

మన భాషలో చెప్పాలంటే ఇది డిపెండెన్సీల గోల. పాత సిస్టంలో మనకి కావాల్సింది ఒక్క ఫంక్షన్. దాన్ని లాగబోతే సిస్టం మొత్తం వెంట పడొస్తుంది. ఎఫ్ఆర్ 13ఎ పొడుగ్గా పెరిగి పడిపోతుంది, దిగుబడి తక్కువ, గింజ నాణ్యతా అంతంతమాత్రమే. దాన్ని మంచి రకంతో సంకరం చేస్తే ముంపుని తట్టుకునే గుణంతోపాటు ఈ అవలక్షణాలూ వచ్చేవి. 1990ల నాటికి ఇర్రిలో కాస్త మెరుగైన సంకరాలు తయారయ్యాయి. కానీ రైతుకి కావాల్సింది ఇంకో కొత్త రకం కాదు. మునిగినా చావని స్వర్ణ కావాలి. రెండింటికీ చాలా తేడా ఉంది.

అసలు ముడి 1996లో వదులవడం మొదలైంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ కలిసి ఈ గుణం చాలామటుకు వరి తొమ్మిదో క్రోమోజోములో ఒకే చోట ఉందని తేల్చారు. ఇక్కడ మనం కాస్త ఆగాలి. కరువుని తట్టుకోవడం లాంటి గుణాలు సాధారణంగా పదుల జన్యువుల్లో తలా కాస్త పంచుకుని ఉంటాయి. ఇంత పెద్ద గుణం ఇలా ఒక్కచోట దొరకడం అదృష్టమే. 2006లో షూ, మెకిల్, పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తదితరులు ఆ చోటులో ఉన్న అసలు జన్యువు సబ్‌1ఎ అని "నేచర్"లో ప్రకటించారు. ముంపుకి తాళలేని ఒక జపానికా వరిలో దాన్ని పెడితే అది కూడా మునిగి బతికింది. దాంతో సాక్ష్యం దొరికినట్టయింది.

ఇంతకీ ఆ జన్యువు చేసే పనేమిటి? నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

నీళ్ళలో వాయువుల కదలిక గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మది. మొక్క మునగగానే ఆక్సిజన్ లోపలికి రాదు, లోపల పుట్టే ఇథిలీన్ బయటికి పోదు. ఇథిలీన్ అంటే అరటి గెలని మగ్గబెట్టే వాయువే. అది లోపల పేరుకోగానే మొక్కకి "మునిగిపోతున్నాం" అన్న కబురు అందుతుంది. మామూలు వరి అప్పుడు జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోనుకి లొంగిపోయి గబగబా పొడుగు సాగుతుంది, ఎలాగైనా తల బయటపెట్టాలని. ద్రాక్ష రైతులకి ఈ హార్మోను బాగా తెలుసు, గుత్తుల మీద కొట్టేది అదే. ఆ సాగడానికి దాచుకున్న పిండిపదార్థం, చక్కెరలు అన్నీ ఖర్చైపోతాయి. వరద లోతుగా ఉంటే తల బయటికి రాకుండానే ఖజానా ఖాళీ. నీళ్ళు తీసేసరికి బలంలేని పొడుగాటి కాడలు వాలిపోయి కుళ్ళిపోతాయి.

సబ్‌1ఎ ఉన్న వరి ఇందుకు పూర్తి విరుద్ధం. అదే ఇథిలీన్ కబురు అందగానే సబ్‌1ఎ లేస్తుంది. జిబ్బరెల్లిన్‌కి బ్రేకులేసే ప్రోటీన్లని పెంచుతుంది. పెరుగుదల ఆగిపోతుంది, చక్కెరల ఖర్చు తగ్గిపోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోవస్తుంటే హైబర్నేట్‌లోకి వెళ్ళినట్టన్నమాట. నీళ్ళు తీశాక మిగిలిన నిల్వతో మళ్ళీ కొత్త ఆకులు వేస్తుంది. అంతే కాదు, వరద తీశాక ఒక్కసారిగా ఎండ, ఆక్సిజన్ తగిలినప్పుడు కలిగే నష్టాన్ని, ఆ తర్వాత వచ్చే నీటి ఎద్దడిని తట్టుకోవడానికి కూడా ఈ జన్యువు సాయపడుతుందని బెయిలీ-సెర్రెస్ బృందం 2011లో చూపించింది.

తమాషా ఏమిటంటే, లోతునీటి వరి అని ఇంకో జాతి ఉంది. దానిది సరిగ్గా తిరగేసిన పద్ధతి. నెలల తరబడి ఉండే వరదలో రోజుకి 20 సెంటీమీటర్లకు పైగా కూడా సాగి తల బయటే ఉంచుతుంది. ఆ పని చేయించే స్నార్కెల్ జన్యువుల్ని జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళు 2009లో పట్టుకున్నారు. చూస్తే అవి సబ్‌1ఎ ఉన్న కుటుంబానికి చెందినవే! కబురు ఒకటే, కుటుంబం ఒకటే, నిర్ణయాలు మాత్రం రెండు. పది రోజుల వరదకి ఓర్పు మంచిది, మూడు నెలల వరదకి ఎదగడమే దారి.

సరే, మళ్ళీ మన స్వర్ణ దగ్గరికొద్దాం. జన్యువు ఎక్కడుందో తెలిశాక పని మారిపోయింది. స్వర్ణని ముంపు తట్టుకునే రకంతో సంకరం చేయడం, పిల్లల్ని మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే సంకరం చేయడం, ప్రతి తరంలోనూ మొక్కల డీఎన్ఏ చూసి సబ్‌1 ఉన్నదాన్ని, మిగతా అంతా స్వర్ణే అయినదాన్ని ఏరుకోవడం. నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండా ఒక్క ప్యాచ్ వేసినట్టు. ఇర్రిలో జరిగిన ఈ పనిని వివరించే 2007 నాటి పరిశోధన పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఆమె. మూడు బ్యాక్‌క్రాస్‌లు, రెండు మూడేళ్ళు, అంతే. తేడా కనిపించేది ఊక రంగులోనే. సబ్‌1 పక్కనే ఉన్న రంగు జన్యువు కూడా వెంట రావడంతో స్వర్ణ-సబ్‌1 వడ్లకి ఆ బంగారు రంగు పోయి గడ్డి రంగొచ్చింది.

స్వర్ణ-సబ్‌1 భారతదేశంలో 2009లో విడుదలైంది. సంకరంతోనే వచ్చింది కాబట్టి ఇది జన్యుమార్పిడి పంట కాదు. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయ మీద దేశమంతా గొడవ జరిగి కేంద్రం మారటోరియం పెట్టింది. అదే సమయంలో ఈ వరి చడీచప్పుడు లేకుండా పల్లెల్లోకి వెళ్ళిపోయింది. తర్వాత బాపట్ల బిడ్డ సాంబ మసూరికి కూడా ఇదే ప్యాచ్ వేశారు.

ఫలితం సంగతి? ఒడిశా పల్లెల్లో లాటరీ తీసినట్టు కొందరికి ఈ విత్తనమిచ్చి చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. పది రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కంటే స్వర్ణ-సబ్‌1 దిగుబడి 45 శాతం ఎక్కువ. వరద రాని చోట నష్టమేమీ లేదు. నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. వరదలో ఎక్కువగా మునిగే పల్లపు పొలాలు దళితుల చేతుల్లో ఎక్కువగా ఉన్నాయి. మెరక భూములు ఎవరివో, పల్లపు భూములు ఎవరివో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అంటే ఈ జన్యువు లాభం ఎక్కువగా చేరేది వాళ్ళకే. 2016లో వచ్చిన తరువాతి అధ్యయనం ప్రకారం, పంట పోదన్న ధీమా వచ్చాక రైతులు ఎరువు మీద, సాగు మీద ఇంకాస్త ఎక్కువే ఖర్చు పెట్టారు. భయం తగ్గడం కూడా ఒక ఎరువేనన్నమాట.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. రెండు మూడు వారాలు దాటిన ముంపుకి పనికిరాదు. మోకాల్లోతు నీళ్ళు నెలల తరబడి నిలబడే చోట, ఎదగకుండా కూర్చునే ఈ గుణమే ఇబ్బంది. వెదజల్లిన విత్తనం నీళ్ళ కింద మొలకెత్తాలంటే అది ఇంకో సమస్య, దానికి వేరే జన్యువులు కావాలి. అవి కూడా పాత నాటు రకాల్లోనే వెతుకుతున్నారు.

నేను చెప్పదల్చుకున్నది కూడా అదే. మన వెర్షన్ కంట్రోల్‌లో ఏ లైను ఎవరు రాశారో చూసుకోవచ్చు. ఈ కథలో చివరి కమిట్లన్నిటికీ పేర్లున్నాయి. ఉండాలి కూడా. కానీ మొదటి కమిట్ చేసిన ఒరియా రైతుకి పేరు లేదు. 2001లో మన పార్లమెంటు చేసిన మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం నాటు రకాలు కాపాడినవాళ్ళకి గుర్తింపు, లాభంలో వాటా ఇవ్వాలంటుంది. మంచిదే. ఎవరికివ్వాలో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి కదా!

ధళాపుటియా విత్తనాన్ని ఎవరూ దాచకపోయి ఉంటే, 2006లో ఎంత గొప్ప ల్యాబ్ అయినా దేన్ని వెతికేది? మన దగ్గరా అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, మొలగొలుకులు, రాజనాలు అంటూ ఎన్నో ఉండేవి. ఏది ఏ మట్టిలో పండేదో, ఏది ఉప్పునీటిని ఓర్చుకునేదో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. పేరు, ఊరు, ఆ వడ్ల గుణం, విత్తనం ఎవరి దగ్గర తెచ్చుకునేవారో, అన్నీ రాసిపెట్టండి. ఒక్క ఎక్సెల్ షీటు చాలు.