కెథీడ్రల్ పాట ఆగిన రోజులు

చిలమకూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు వెళితే క్యాంబెల్ ఆసుపత్రి ఉంటుంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు పెట్టిన ఆసుపత్రి అది. 1822లోనే కడపలో కాలుపెట్టిన ఆ సొసైటీలో ఎక్కువమంది కాంగ్రిగేషనలిస్టులు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు మీద కత్తి దూసిన ఇండిపెండెంట్లకు వాళ్లు వారసులు. ఆ యుద్ధంలో గుడి పాట మీద కూడా పెద్ద తగవే నడిచింది.

1642 నాటికి కెథీడ్రళ్లలో తర్ఫీదైన మగవాళ్లూ పిల్లలూ ఆర్గాన్ తోడుగా, నాలుగైదు గొంతులు ఒకదానితో ఒకటి పెనవేసుకునేలా పాడేవారు. ఆ పెనవేతలో వాక్యం వినపడదని, జనం నోరు కట్టుకుని కూర్చోవలసి వస్తుందని ఇండిపెండెంట్ల వంటి ప్యూరిటన్ల అభ్యంతరం. వాళ్లు పాటకు శత్రువులేమీ కారు. దావీదు కీర్తనలు అందరూ కలిసి, తేలిక బాణీలో పాడాలన్నారు. 1644 జనవరిలో ఈలీ కెథీడ్రల్‌లో గాయకబృందం ఆరాధన ఆపమని పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ ఉత్తరం రాశాడు. మే నెలలో ఆర్గాన్లు తొలగించమని పార్లమెంటు ఆజ్ఞ. మరుసటి ఏడాది ప్రార్థన పుస్తకానికే నిషేధం.

వూస్టర్ కెథీడ్రల్‌లో థామస్ టామ్కిన్స్ 1596 నుంచీ ఆర్గాన్ వాయిస్తున్నాడు. తన చేతుల మీదుగానే పెట్టించిన ఆర్గాన్‌ను 1646లో ఊడదీశారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది. గుడిలో పని పోయినా కలం వదల్లేదు. ఇంట్లో కూర్చుని కీబోర్డు రచనలు రాసి, చాలావాటి కింద తేదీలు వేశాడు. రాజు తల నరికింది 1649 జనవరి 30న. ‘ఈ అల్లకల్లోల కాలానికి’ అంటూ ఆయన రాసిన విషాద పావన్ (నెమ్మది నాట్య బాణీ) కింద ఉన్న తేదీ ఫిబ్రవరి 14. 1656లో కన్నుమూశాడు. రాజరికం తిరిగొచ్చాక, 1668లో, కొడుకు నథానియెల్ ఆయన గుడి పాటలను అచ్చువేయించాడు. ఆ పాటలు మనకు దక్కాయంటే చాలావరకు ఆ కొడుకు పుణ్యమే.

ఈలీలో పాట ఆపించిన ఆ క్రామ్‌వెల్‌కే ఇంట్లో మాత్రం సంగీతమంటే ప్రాణం. క్యాథలిక్ రచయిత డీరింగ్ లాటిన్ పాటలు పాడించుకుని వినేవాడు.

రాయలసీమకు ఆ రెండు పక్షాల వారసులూ వచ్చారు. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్; ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వైపు కెథీడ్రళ్ల పక్షపు ఆంగ్లికన్ మిషన్. ఇక్కడ మాత్రం పాట దగ్గర అంతటి తగవు రాలేదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) రాగతాళాలతో రాసిన తెలుగు కీర్తనలు అనేక తెలుగు క్రైస్తవ సంఘాలవి అయ్యాయి. సంఘమంతా గొంతు కలపాలన్న ప్యూరిటన్ల కోరిక ఆ కీర్తనల్లోనే నిజంగా తీరిందని చెప్పాలి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు జమ్మలమడుగు అందులో చేరింది. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు బయటే ఉండిపోయారు. వాళ్లు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.