ఉద్దానం తీరం నుంచి చూడదగ్గ సినిమాలు: హీరో ఎవరి యాస మాట్లాడతాడు?

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ప్రతి టీములోనూ ఒకడు అడుగుతాడు, "గురూ, చూడదగ్గ సినిమాలేమైనా ఉంటే చెప్పు" అని. వెంటనే ఐదారుగురు తలా ఒక లిస్టు పంపుతారు. అన్ని లిస్టుల్లోనూ అవే కొరియన్ థ్రిల్లర్లు, అవే గాంగ్‌స్టర్ సినిమాలు. మంచివే, కాదనను. కానీ నేనిచ్చే లిస్టు కొంచెం వేరు. రకానికొక సినిమా ఉంటుంది, అన్నిటికీ కేంద్రం మాత్రం ఒక్కటే: శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, అక్కడినుంచి నౌపడ ఉప్పు మళ్ళు దాటి సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు. జీడితోటలు, కొబ్బరితోటలు, వేటకెళ్ళే పడవలు ఉన్న ఉద్దానం తీరం.

అంత చిన్న చోటికి అన్ని సినిమాలెక్కడివి అంటారా? నిజమే, కొన్ని అక్కడివి, కొన్ని కావు. అక్కడ జరిగిన చరిత్రనీ, తెర మీదకు వచ్చిన కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సినిమా గురించి ఒక విషయం తెలుస్తుంది. అదే ఈ వ్యాసం.

మొదటిది రాజకీయ చిత్రం. రైతుబిడ్డ, 1939. గూడవల్లి రామబ్రహ్మం తీశారు, బళ్ళారి రాఘవ నటించారు. జమీందారు మనిషికి కాకుండా రైతుల మనిషికి మద్దతిచ్చిన ఒక చిన్న రైతు పడే పాట్లు ఈ కథ. తమాషా ఏంటంటే సారథి ఫిలిమ్స్ వెనకున్న యార్లగడ్డ శివరామప్రసాద్ స్వయంగా చల్లపల్లి జమీందారు! అయినా మిగతా జమీందార్లకు సినిమా మింగుడుపడలేదు, నిషేధాలూ ఎదురయ్యాయి.

ఆ మరుసటి ఏడాదే, 1940 మార్చిలో, అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు ఆ చిన్న రైల్వే స్టేషన్లో దిగారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళలో సాసుమాన గున్నమ్మ ఒకరు. ఇప్పటికీ అక్కడ వీర గున్నమ్మ అనే పిలుస్తారు. అంటే తెర మీద రైతు ఓట్ల దగ్గర గొడవపడుతున్న కాలానికే, మందసలో నిజం రైతు తుపాకీకి ఎదురు నిలబడ్డాడన్నమాట. రైతుబిడ్డ ఇవాళ చూస్తే నెమ్మదిగా, నాటకంలాగా అనిపించొచ్చు. ఆ తేదీలు మనసులో పెట్టుకుని చూడండి, వేరే సినిమా కనిపిస్తుంది.

రెండోది చారిత్రక చిత్రం. మా భూమి. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు, సాయిచంద్ హీరో. క్రిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసి 1980లో విడుదల చేశారు. ఇది తెలంగాణా సాయుధ పోరాటం కథ, శ్రీకాకుళానిది కాదు. మరి ఈ లిస్టులో ఎందుకంటే.. పలాస పక్కనే బొడ్డపాడు ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక రగిలిన శ్రీకాకుళ ఉద్యమంతో ఈ ఊరి పేరు పెనవేసుకుపోయింది. పంచాది కృష్ణమూర్తిది ఆ ఊరే. జముకుల కథను ఉద్యమానికి తెచ్చిన సుబ్బారావు పాణిగ్రాహి పూజారిగా ఉన్నదీ ఆ ఊరి గుడిలోనే. ఇద్దరూ 1969లోనే చనిపోయారు. ఆ రాజకీయాలతో మనకి ఏకీభావం ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ ఊరి కళారూపం ఉద్యమంలోకి వెళ్ళడం, అక్కడినుంచి పాటలు రాష్ట్రమంతా పాకడం.. ఇది చరిత్ర. తెలంగాణాకి మా భూమి దొరికింది. శ్రీకాకుళానికి అంత పట్టుతో, ఆ మనుషుల మధ్య కూర్చుని తీసిన సినిమా నా దృష్టిలో ఇంకా దొరకలేదు.

మూడోది క్రైమ్ డ్రామా. పలాస 1978. ఆ ప్రాంతం మనిషే అయిన కరుణ కుమార్ తొలి సినిమా, రక్షిత్ హీరో. 2020 మార్చి 6న విడుదలైంది, రెండు వారాలు తిరక్కముందే కరోనాతో హాళ్ళు మూతపడ్డాయి. చాలామంది తర్వాత ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళే. పాటా ఆటా బతుకుగా ఉన్న ఒక దళిత కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళని వాడుకునే షావుకార్లు, జీడిపప్పు వ్యాపారం, కత్తులు. సంగీతం ఇచ్చిన రఘు కుంచె చిన్న షావుకారు వేషం కూడా వేశారు. ద్వితీయార్ధంలో హత్యలు ఎక్కువై కొంచెం గాడి తప్పుతుంది, ఒప్పుకుంటాను. అయినా తప్పకుండా చూడాలి. ఎందుకంటే ఇందులో హీరో "ఏటి?" అంటాడు!

నవ్వకండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. తెలుగు సినిమాలో దశాబ్దాలపాటు శ్రీకాకుళం యాస ఎవరికి ఇచ్చారు? వంటవాడికి, వాచ్‌మన్‌కి, కమెడియన్‌కి. హీరో ఏ ఊళ్ళో పుట్టినా కృష్ణా, గుంటూరు భాషే మాట్లాడాలి. "వచ్చీసినాడు", "ఎల్లిపోనాది", "ఒగ్గీ" లాంటి మాటలు వినపడగానే హాలు నవ్వాలి. సాహిత్యంలో ఈ పరిస్థితి లేదు. కాళీపట్నం రామారావు గారు, రావిశాస్త్రి గారు ఉత్తరాంధ్ర మాటలో ఏడుపూ, కోపమూ, తర్కమూ అన్నీ రాశారు. కారా మాస్టారి "యజ్ఞంతో తొమ్మిది"కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కూడా. సినిమాకి ఆ మాట సీరియస్‌గా చెవికెక్కడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. యాస పక్కవేషం నుంచి హీరోకి వచ్చిందంటే, ఆ ఊరు నవ్వుకునే ఊరు నుంచి కథ ఉన్న ఊరుగా మారిందని అర్థం.

నాలుగోది సముద్రం. ఇక్కడ మూడు సినిమాలు వరసగా చూడమంటాను.

ఒకటి తండేల్, 2025. చందూ మొండేటి దర్శకుడు, నాగచైతన్య, సాయిపల్లవి నటించారు. గుజరాత్ నుంచి వేటకెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది, వాళ్ళలో శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం వాళ్ళున్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. సినిమాకి ఆధారం ఆ సంఘటనే. ఇందులోనూ స్టార్ హీరో శ్రీకాకుళం యాసలో మాట్లాడతాడు, సంతోషం. ప్రేమకథ బావుంది. కానీ జైలు దగ్గరికి వచ్చేసరికి కథంతా జెండా చుట్టూ తిరిగి, అసలు ప్రశ్న పక్కకి పోయింది. ఇంటి ముందే బంగాళాఖాతం పెట్టుకున్నవాడు దేశం అవతలి ఒడ్డుకి, వెరావల్‌కి పోయి అరేబియా సముద్రంలో ఎందుకు వల వేస్తున్నాడు? పెద్ద పడవలు నిలబడే సదుపాయం ఇక్కడ సరిగా లేదు. అక్కడ నెల జీతం, ముందే అడ్వాన్సు. మనం బెంగుళూరు బస్సెక్కిన కారణమే, ఇంకా కష్టమైన రూపంలో.

రెండోది చెమ్మీన్, 1965, మలయాళం. తకళి నవల, రాము కరియత్ దర్శకత్వం. రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకున్న మొదటి దక్షిణాది సినిమా. కెమెరా ఎవరో తెలుసా? మన మాయాబజార్ తీసిన మార్కస్ బార్‌ట్లీ! వెన్నెల్ని స్టూడియోలో సృష్టించినాయన ఇక్కడ నిజం సముద్రాన్ని పట్టుకున్నాడు.

మూడోది ఇటలీ సినిమా, లా టెర్రా ట్రెమా, 1948, విస్కోంతి తీశాడు. సిసిలీలోని ఆచి ట్రెజ్జా అనే జాలరి ఊరు. నటులందరూ ఆ ఊరి వాళ్ళే, మాట్లాడేది వాళ్ళ మాండలికమే. మిగతా ఇటలీకి అది అర్థం కాదు కాబట్టి వెనకనుంచి వ్యాఖ్యానం పెట్టాల్సొచ్చింది. అయినా దర్శకుడు భాష మార్చలేదు. దళారుల పీడ వదిలించుకోవాలని ఒక కుటుంబం సొంతంగా వ్యాపారం మొదలెడుతుంది, తుఫానులో పడవ పోతుంది, మళ్ళీ ఆ దళారుల దగ్గరికే కూలికి వెళ్ళాలి. రెండున్నర గంటలు దాటుతుంది, ఓపిక కావాలి. చూశాక భావనపాడు ఒడ్డున ఏ ఇంటి తలుపు తట్టినా ఈ కథ దొరుకుతుందనిపిస్తుంది.

అయిదోది, మనసు తేలికపడటానికి, కేరాఫ్ కంచరపాలెం, 2018. వెంకటేష్ మహా మొదటి సినిమా. విశాఖ పేట కథ, నటుల్లో ఎక్కువమంది స్థానికులే. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. స్టార్లు లేకుండా, ఆ ఊరి మాటతో తీసిన ప్రేమకథ రాష్ట్రమంతా ఆడింది. యాస పెడితే మిగతా జిల్లాల్లో చూడరు అనే పాత వాదానికి ఇది చాలు.

లిస్టు అయిపోయింది. ఇక తీయాల్సినవి. భావనపాడు థర్మల్ పేరుతో వచ్చిన ప్రాజెక్టు కోసం కాకరాపల్లి తంపర భూముల దగ్గర 2011 ఫిబ్రవరి 28న జరిగిన కాల్పులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానాన్ని దాటినప్పుడు వరసగా కూలిన కొబ్బరి, జీడి చెట్లు. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని ఖాయంగా తేలని కిడ్నీ జబ్బు. భావనపాడు పోర్టు పేరుతో మొదలై, 2023 ఏప్రిల్‌లో మూలపేటలో శంకుస్థాపన జరిగిన ఓడరేవు. ఒక్కోటీ ఒక్కో రకం సినిమా. థ్రిల్లర్ కావాలా, కుటుంబ కథ కావాలా, డాక్యుమెంటరీ కావాలా, అన్నీ ఉన్నాయి.

ఈ ఊళ్ళ పిల్లలు ఇప్పుడు మన మధ్యే ఉన్నారు. ఆన్‌సైట్ కాల్స్‌లో అమెరికా యాస, క్యాంటీన్‌లో హైదరాబాద్ యాస, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం గొంతు తగ్గించి "ఏటమ్మా, బాగున్నావా?". ఆ గొంతు తగ్గించడం దానంతటదే వచ్చింది కాదు. ఎనభై ఏళ్ళు ఆ మాట విని నవ్వమని తెర మనకు నేర్పింది. ఇప్పుడు అదే తెర మెల్లగా దిద్దుకుంటోంది. కాబట్టి ఈ శని, ఆదివారాలు పలాస 1978తో మొదలెట్టండి, ఓపికుంటే విస్కోంతి దాకా వెళ్ళండి. పక్క సీటువాడిది శ్రీకాకుళమైతే వాడినీ కూర్చోబెట్టుకోండి. ఏ మాట నిజం, ఏ మాట డబ్బింగో వాడే చెప్తాడు :)